బేరమాడకుండా కొన్న తాళ్లు

పోయిన నెల మా బాగేపల్లి వర్తక సంఘం వాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. సంఘానికి కొత్త భవనం కడుతున్నారు. ప్రారంభోత్సవం నాడు ఒక సంచిక వేస్తారట. పాతకాలంలో మా బజారువీధి పెద్దలు శనివారం శనివారం చేసిన ధర్మం గురించి అందులో నేను రాయాలట. అధ్యక్షుడు నా మనవడి వయసువాడు. కుర్చీ అంచున కూర్చుని, "నీకు గ్యాపకం బాగుండాది తాతా. మీ నాయన మాదిరి ధర్మం చేసినోళ్లు ఈ తాలూకాలోనే లేరంట కదా. నాలుగు పేజీలు రాసియ్యి, ఫొటో కూడా వేస్తాం" అన్నాడు.

"నిజం రాస్తే వేస్తారా?" అన్నాను.

"ధర్మంలో అబద్ధం ఏముంటాది తాతా?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. వాడి తప్పు లేదు, వాడికి తెలియదు. తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. వాళ్లు వెళ్లాక రాయడం మొదలుపెట్టాను. ఇది వాళ్లు వేయరు. వేయకపోయినా ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాతి చదువంతా మా అంగడి పొట్లాల కాగితాల్లోనే. బెంగళూరు నుంచి తూకానికి వచ్చే పాత పత్రికలు, కన్నడవి కొన్ని, తెలుగువి కొన్ని. చక్కెర పొట్లం కట్టే ముందు ఆ ముక్క చదివేవాణ్ణి. సగం వార్త నా దగ్గర ఉండేది, మిగతా సగం ఎవరో చింతపండు కట్టించుకుని తీసుకెళ్లిపోయేవాళ్లు. అందుకేనేమో, సగం చెప్పి వదిలేసిన మాట వింటే ఈ వయసులో కూడా నాకు కోపం వస్తుంది. సంఘం వాళ్లు అడిగింది అలాంటి సగం మాటే.

ఆ సగం ముందు చెబుతాను. అది నిజమే కాబట్టి.

డెబ్బైల చివర మా బజారువీధిలో ఇరవైకి పైగా అంగళ్లు ఉండేవి. అన్నీ మావాళ్లవే. శనివారం వెంకటరమణస్వామి దినం. పొద్దున్నే తలంటి పోసుకుని, నామం పెట్టుకుని అంగడి తెరిస్తే, మొదటి వ్యాపారం కంటే ముందు ధర్మం జరగాలి. ఒక చేటలో బియ్యం, పక్కన గిన్నెలో చిల్లర పెట్టుకుని మా నాయన గల్లాపెట్టె దగ్గర కాకుండా గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. ఎనిమిది గంటలకల్లా వాళ్లు వచ్చేవాళ్లు. పెద్దరోగమోళ్లు అనేవాళ్లం మేము. కుష్ఠు అనే మాట నోట పలికితే అంటుకుంటుందని మా వీధి నమ్మకం. ఊరి బయట గుడిసెలు వేసుకున్నవాళ్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లు, వరసగా, మనిషికీ మనిషికీ నడుమ ఎడం వదిలి, ప్రతి అంగడి ముందూ ఆగేవాళ్లు.

మా నాయన దగ్గర ఒక గరిటె ఉండేది. కొబ్బరిచిప్పకు మూరెడు పొడుగు వెదురు కట్టె బిగించిన గరిటె. దాంతో బియ్యం తీసి, చెయ్యి సాచి, వాళ్ల డబ్బాలో పోసేవాడు. ఒక్క గింజ కింద పడేది కాదు. చిల్లర కూడా ఆ చిప్పలోనే వేసి ఒంపేవాడు. ఇలా చెబితే ఆయన రాతిగుండె మనిషి అనుకుంటారేమో. కాదు. కాళ్లు పుండ్లు పడి, గోనెపట్టా చుట్టుకుని వచ్చిన ముసలాయనను చూసి ఆయన కంట నీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. వానొచ్చినా, జబ్బు చేసినా, ఒక్క శనివారం మానలేదు. వాళ్లకు పోయందే ఆయన కాఫీ తాగేవాడు కాదు. ఊరంతా ఆయనను ధర్మాత్ముడు అనేవాళ్లు. నేనూ అనుకునేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై దాటాయి, పెళ్లి కూడా అయింది.

ఆ వరసలో ఒక శనివారం తెల్లచీర కట్టుకున్న సిస్టరమ్మ కనబడింది. గుడిబండ దారిలో ఒక పాత మిద్దె బాడుగకు తీసుకుని ఇద్దరు సిస్టర్లు దిగారని అప్పటికే విన్నాం. ఈమె మంగళూరు దిక్కు మనిషి. కన్నడమూ, నేర్చుకున్న మా తెలుగూ కలిపి మాట్లాడేది. డబ్బా పట్టుకున్నవాళ్ల నడుమ ఖాళీ చేతులతో నిలబడి ఉంది.

మా నాయన చూసి, "చందాకా అమ్మా? శనివారం మేము చందాలియ్యము. రేపు రా" అన్నాడు.

"చందా బేడప్పా, వద్దు" అందామె. "వీళ్లను ఎదుకుతా ఊరంతా తిరుగుతుండాను. అందరూ ఒక్కచోట దొరికేది మీ అంగడి ముందరనే. ఈ పెద్దాయన కాలు చూడాల. మీ అరుగు మీద కూసోబెట్టుకోనా?"

"అరుగు మీద వద్దు" అన్నాడు మా నాయన గబుక్కున. మళ్లీ గొంతు తగ్గించి, "ఆ కానుగచెట్టు కింద నీడ ఉండాది చూడు, ఆడ కూసోండమ్మా" అన్నాడు.

ఆమె కానుగచెట్టు కింద నేల మీద కూర్చుని, గోనెపట్టా విప్పి, ఆ ముసలాయన కాలు తన ఒళ్లో పెట్టుకుంది. ఎదురంగడి బట్టల శెట్టి ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని, "చూస్తా ఉండు, ఆరు నెలల్లో అందరి మెడల్లో సిలవ ఏలాడతాది" అన్నాడు. మా నాయన ఆ పూట కాఫీ సగం తాగి పక్కన పెట్టాడు.

అలా ప్రతి శనివారం ఆమె ఆ చెట్టు కింద. మందులిచ్చేది. కొన్నేళ్ల తర్వాత కొత్త మందులు వచ్చాయి, ఎర్ర మాత్రలు. వాటితో ఉచ్చ ఎర్రగా పోతుంటే నెత్తురు పోతోందని భయపడి ఇద్దరు పారిపోయారు. సిస్టరమ్మ రెండు బస్సులు మారి, చింతామణి అవతల ఒక పల్లెలో వాళ్లను వెతికి పట్టుకుని తీసుకొచ్చింది. సిలవలు మాత్రం ఎవరి మెడలోనూ వేలాడలేదు. బట్టల శెట్టి ఎదురుచూసి ఎదురుచూసి విసుగు చెందాడు.

వరసలో ఒకామె ఉండేది. తొండేభావి దిక్కు రైతు కుటుంబం మనిషి. పెళ్లయి, ఒక బిడ్డ పుట్టి చనిపోయాక మచ్చలు బయటపడితే, అత్తగారివాళ్లు చేనులో గుడిసె వేసి అక్కడ పెట్టారట. ఆమె అక్కడ ఉండలేక నడుచుకుంటూ మా ఊరు చేరింది. ఎడమచేతి వేళ్లు కురచబడిపోయాయి, కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి. పదేళ్లు మా నాయన గరిటె కింద డబ్బా పట్టింది. ఆ పదేళ్లలో నేను ఆమె గొంతు వినలేదు. డబ్బా చప్పుడే విన్నాను. నా సిగ్గు ఇక్కణ్ణుంచి మొదలు.

మందులు పనిచేశాయి. సర్కారీ ఆసుపత్రి డాక్టరు మా అంగడికి సామానుకు వచ్చినప్పుడు, ఆమె ఇంక ఎవరికీ అంటించదని, పోయిన వేళ్లు మాత్రం రావని, అందరూ వినేలా చెప్పాడు. ఆయన వెళ్లాక మా నాయన, "డాక్టరుకేమి, ఆయప్పకు అంగడుండాదా, గిరాకీ ఉండాదా" అన్నాడు.

సిస్టర్ల మిద్దెకు సామాను మా అంగడి నుంచే పోయేది. ఒకసారి గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం నేను బియ్యం మూట సైకిలు మీద వేసుకుని వెళ్లాను. వసారాలో వీళ్లందరూ బల్లల మీద కూర్చుని ఉన్నారు. చిక్కబళ్లాపురం నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన ఫాదరు నడుముకు తువాలు చుట్టుకుని, మోకాళ్ల మీద ఒక్కొక్కరి ముందుకూ జరుగుతూ కాళ్లు కడుగుతున్నాడు. ఏసుస్వామి చనిపోయే ముందు తన శిష్యులకు అలా చేశాడని, ఏటా అది వాళ్ల ఆచారమని తర్వాత తెలిసింది. ఆ తొండేభావి ఆమె వంతు వచ్చేసరికి వేళ్లు లేని కాలిని చీర కింద దాచుకుంది. ఫాదరు చెంబు పట్టుకుని అలాగే మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమె కాలు బయట పెట్టింది. ఆయన కడిగి, తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నాడు. నేను బియ్యం మూట గోడకు ఆనించి, అది జారుతున్నా పట్టుకోకుండా నిలబడ్డాను.

తర్వాత సిస్టరమ్మతో, "పెద్ద పనమ్మా మీది" అన్నాను.

ఆమె ముఖం చిట్లించింది. "ఇది పెద్దది కాదప్పా. ఏడాదికి ఒక్కసారి కాలు కడిగేది సులభమే. చిక్కబళ్లాపురంలో మా గుడికి వీళ్లను పిలుచుకోని పోతిని. మావాళ్లే బెంచీ ఖాళీ చేసి లేచిపోయిరి. దేవుని ముందరనే. నాకు నాచికె అయింది." సిగ్గు అనే మాటకు ఆమెకు కన్నడ మాటే వచ్చేది. "వీళ్లకు దయ చాలా మంది చూపిస్తారు. సంతలో ఒక జాగా ఎవురన్నా ఇస్తారా? అది న్యాయం. ఆ పని ఇంకా కాలేదు."

ఆ జాగా సిస్టరమ్మ అడిగింది ఆ తొండేభావి మనిషి, మా తాళ్లామె కోసమే. తాళ్లామె అని ఇప్పుడంటున్నాను గానీ అప్పటికి ఇంకా తాళ్లు మొదలుకాలేదు. చేన్ల గట్ల మీద, రోడ్డు పక్కన మా దిక్కు కిత్తనార మొక్కలు ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. ఆ మట్టలు కోసి, కుంటలో నానేసి, కుళ్లాక రాతి మీద బాది నార తీయాలి. వాసన భరించలేం. ఆమె ఆ పని పట్టింది. మణికట్టుకు తోలుపట్టీతో ఒక కొయ్య కొక్కెం కట్టుకుని తాడు పేనడం నేర్చుకుంది. నార కోసుకుని నెత్తురు కారుతున్నా ఆమెకు తెలిసేది కాదు, ఆ చేతులకు స్పర్శ లేదు. సిస్టరమ్మ ప్రతి సాయంత్రం ఆ చేతులు వెలుగులోకి పట్టి చూసి కట్టు కట్టేది, తిట్టేది కూడా.

ఒక శనివారం ఆమె వరసలో వచ్చింది గానీ చేతిలో డబ్బా లేదు. భుజాన తాళ్ల చుట్టలు ఉన్నాయి. పగ్గాలు, బావి తాళ్లు, మూటలు కట్టే సన్నతాళ్లు. మా నాయన చూడకుండానే అలవాటుగా గరిటె సాచాడు. బియ్యం పోయడానికి కింద డబ్బా లేదు. గరిటె గాల్లో ఆగింది.

"ధర్మం వద్దు శెట్టప్పా" అంది. పదేళ్లకు ఆ గొంతు విన్నాను. గట్టిగానే ఉంది. "తాడు తెచ్చినా. కొనుక్కో. నీకు మూటలు కట్టేదానికి నెలనెలా కావాల కదా."

"తాళ్లుండాయిమ్మే. మొన్ననే చింతామణి నుంచి తెస్తిని."

"మొన్న తెచ్చింది చూసినాలే, అది పీచు పీచయి పోతాండాది. ఇది లాగి చూడు."

మా నాయన లాగి చూడలేదు. ముట్టుకోవాలి కదా. "డబ్బా తెచ్చుకోపో, ఈ పొద్దు రెండింతలు పోస్తా. నీకు ఇయ్యనంటినా ఎప్పుడన్నా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

ఆమె కాసేపు ఆ గరిటెను చూసింది. "ఇచ్చేదానికి సాగే చెయ్యి తీసుకునేదానికి సాగదా శెట్టప్పా?" అంది. అని అంగడి దిగి వెళ్లిపోయింది. వెనక వరసలో ఉన్నవాళ్లు మాత్రం డబ్బాలు ముందుకు చాచారు. మా నాయన వాళ్లకు పోశాడు. ఆ రోజు మాత్రం గింజలు కింద పడ్డాయి.

తర్వాతి సంత రోజున ఆమె వెళ్లి తాళ్లూ పగ్గాలూ అమ్మే వరసలో కూర్చుంది. పక్కన సిస్టరమ్మ. మా సంతలో ఒక కట్టు ఉంది. సుంకం గుత్త పట్టినవాడు వచ్చి నీ దగ్గర సుంకం తీసుకుంటే ఆ జాగా ఆ రోజుకు నీది, నిన్ను లేపే హక్కు ఎవరికీ లేదు. గుత్తదారు వచ్చాడు, చూశాడు, "పాపం, నీ దగ్గర సుంకమేంటికమ్మా, వద్దులే. పో, ఆ కొసాన పశువుల తావు ఉండాది చూడు, ఆడ కూసో. ఊరికే కూసో" అన్నాడు.

"సుంకం తీస్కోప్పా. ఈడనే కూసుంటా" అంది ఆమె.

"నీ దగ్గర తీసుకుంటే నాకు పాపం తగుల్తాది."

పైసలు చాచిన ఆ కురచ చెయ్యి అలాగే ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు గుత్తదారు మంచితనాన్ని మెచ్చుకున్నారు. సుంకం తీసుకోలేదు కాబట్టి జాగా ఆమెది కాలేదు. గంటలో నలుగురు వచ్చి ఆమెను పశువుల దిక్కుకు జరిపారు.

ఆ రాద్ధాంతం రెండు మూడు సంతలు నడిచింది. సిస్టరమ్మ తహశీల్దారు దగ్గరకు వెళ్లబోతోందని వినగానే బజారువీధి పెద్దలు మా అంగడి వెనక గదిలో కూర్చున్నారు. నేను కాఫీలు అందించాను. రచ్చ లేకుండా, ఆ మనిషి కడుపు కొట్టకుండా ఉండే దారి మా నాయనే చెప్పాడు. ఆమె పేనిన తాళ్లన్నీ మేమే, వర్తక సంఘం తరఫున, నెలనెలా కొనేద్దాం. ఆమె సంతకు రానక్కరలేదు. అందరికీ నచ్చింది. మా నాయన ఆ రాత్రి తృప్తిగా భోంచేశాడు. నాకూ మంచి పనే అనిపించింది.

ఆమె మొదటి మోపు మా అంగడి వెనక తలుపు దగ్గరకు తెచ్చింది. వెల చెప్పింది. మా నాయన ఆ వెల ఇచ్చేశాడు.

అప్పుడే నాకు అనుమానం తగిలింది. మా నాయన ఎలాంటి మనిషి? చింతామణి మండీలో ఎండుమిరప మూట దగ్గర పూటంతా కూర్చుని, లేచి పోయినట్టు నటించి, రోడ్డు దాకా వెళ్లి, మళ్లీ పిలిపించుకుని బేరం తెంపే మనిషి. చింతపండులో ఒక గింజ ఎక్కువుంటే చూపించి ధర తగ్గించే మనిషి. బేరమాడకుండా కొనడం ఎదుటివాణ్ణి అవమానించడమేనని నాకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. అలాంటివాడు ఆమె చెప్పిన వెలకు తలూపాడు. కొన్నాడు గానీ కొనలేదు.

ఆమెకు అది తెలియలేదు. ముఖం వెలిగిపోయింది. "బజారు శెట్లంతా నా తాళ్లే వాడతాండారు" అని గుడిసెల దగ్గర చెప్పుకుందట. రాత్రీ పగలూ పేనింది. కుడిచేతి వేలు కూడా ఒకటి పుండుపడి పోయింది.

మా సంఘం సత్రం ఒకటి ఉండేది. దాని తాళంచెవి మా అంగట్లో ఉండేది. సత్రంలో పెళ్లయితే వెనక దడి దగ్గర మిగిలిన అన్నం పెట్టేవాళ్లు. అలా ఒక పెళ్లికి వెళ్లిన ముసలాయన, సిస్టరమ్మ మొదట కాలు చూసిన ఆయనే, దడి సందులోంచి లోపల ఏదో చూశాడు. మరునాడు తాళ్లామె మా అంగడికి వచ్చింది. మా నాయన లేడు, చిక్కబళ్లాపురం వెళ్లాడు.

"సత్రం వెనక దొడ్డి తీస్తావా చిన్నశెట్టీ?" అంది.

"ఎందుకమ్మా?"

"చూడాల."

వెళ్లి తీశాను. వెనక గోడ పక్కన, రేకు కింద, తాళ్లన్నీ కుప్పగా ఉన్నాయి. నెలల తరబడి కొన్నవి. ఆమె ఏ మడతతో చుట్టి, ఏ ముడి వేసి తెచ్చిందో ఆ ముడి అలాగే ఉంది. అడుగున ఉన్నవాటికి చెదలు పట్టింది. వాన నీళ్లకు నల్లబడి కొన్ని నేలకు అంటుకుపోయాయి. మూటలు మోసే హమాలీ చేత కట్టెతో తోయించి అక్కడ వేయించారని నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే నేనేమన్నా చేసేవాణ్ణని చెప్పలేను. ఆ అంగడి కొడుకుని, ఆ తాళంచెవి నా చేతిలో ఉంది.

ఆమె ఒక చుట్ట చేతిలోకి తీసుకుని ముడి మీద బొటనవేలు పెట్టి చూసింది. "ఒక్కటన్నా ఇప్పి చూడలేదే" అంది.

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువయ్యేదేమో. నేను, "తీసుకోని పోమ్మా ఇవన్నీ" అన్నాను. అన్నాక గానీ నేనూ మా నాయన మాటే అన్నానని తెలియలేదు.

"ఇవి మీవి కదప్పా. డబ్బులిచ్చి కొన్నారు" అంది. "మీ సొమ్ము నేనెట్లా తీసుకునేది?"

మా నాయన తిరిగొచ్చాక చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఆమెను ఎవురు పొమ్మన్న్యారు ఆడికి? ఇంక రెండు రూపాయలు ఎక్కువిద్దాం లే" అన్నాడు. నేను ఆయనకు ఎదురు మాట్లాడిన మొదటి రోజు అదే. "నాయనా, నువ్వు ఆమె దగ్గర బేరమాడింటే నేను నీ కాళ్లు కడిగుందును" అన్నాను. ఆయన నా వైపు చూసి, కళ్లు దించుకుని, లోపలికి పోయాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఎక్కువిచ్చాడు కదా, ఇంకేం కావాలి?

ఆ వారం సంతలో ఆమె మళ్లీ కూర్చుంది. పశువుల దిక్కున కాదు, తాళ్ల వరసలో నడుమ. కొత్తగా పేనిన తాళ్లు కొన్నే. పక్కన సిస్టరమ్మ, నెత్తిన కొంగు కప్పుకుని, ఎండలో. గుత్తదారు వచ్చి చెయ్యి వెనక్కు పెట్టుకున్నాడు. ఆమె సుంకం పైసలు అతని కాళ్ల ముందు నేల మీద పెట్టింది. అతను దాటుకుని వెళ్లిపోయాడు. పైసలు దుమ్ములో అలాగే ఉన్నాయి. ఎవరూ లేపడానికి రాలేదు, సిస్టరమ్మ తహశీల్దారు దగ్గరకు పోతుందన్న భయం అందరికీ ఉంది. ఎవరూ కొనలేదు కూడా. మధ్యాహ్నం నేను అటు వెళ్లి దూరంగా నిలబడ్డాను. సిస్టరమ్మ జపమాల తిప్పుతూ, నడుమ నడుమ ఆమెతో ఏదో చెప్పి నవ్విస్తోంది.

పొద్దు వాలాక చేళూరు దిక్కు రైతు ఒకడు ఆ వరసకు వచ్చాడు. సంతలో కొన్న కోడె పగ్గం తెంచుకుందట, ఒక చేత్తో దాని కొమ్ము పట్టుకుని ఉన్నాడు. కంగారులో ముందు కనబడిన చుట్ట తీశాడు, ఆమెది. కాలి కింద వేసి తొక్కిపట్టి లాగాడు. మళ్లీ లాగాడు.

"ఎంతమ్మా?"

చెప్పింది.

"అంతా? ఏమ్మా, దీంట్లో పట్టు కలిపినావా? జంగమకోటెలో ఇంతకు పట్టుగూళ్లే వస్తాయి."

"పట్టుతో కట్టుకో పో నీ కోడెను, జారిపోతాది" అంది.

"సగానికియ్యి."

"సగం తాడిస్తా."

వాడు నవ్వాడు. చుట్ట కింద పడేసి రెండడుగులు వేశాడు. ఆమె పిలవలేదు. వాడే తిరిగొచ్చాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ తిట్టుకున్నారు. కోడె నడుమలో ఒకసారి తల విదిలించింది. ఆఖరికి ఎక్కడో తెగింది బేరం. వాడు డబ్బు ఆమె చేతిలోనే పెట్టి, పగ్గం కోడెకు బిగించుకుని, "వచ్చేసారి ఇంకా గట్టిది తే, ల్యాకుంటే ఈ కోడెను నీకే తెచ్చి కడతా" అని పోయాడు. ఆమె చేతులు చూశాడా, చూసి పట్టించుకోలేదా, నాకు తెలియదు. పగ్గం మాత్రం చూశాడు.

ఆమె సిస్టరమ్మ వైపు తిరిగి, "ఎంత పీనాసోడో చూసినావా సిస్టరమ్మా, నా ప్రాణం తీసినాడు" అంది. అంత సంతోషంగా ఒక మనిషి ఇంకొకరిని తిట్టడం నేను వినలేదు.

సుంకం సంగతి ఎలా తేలిందో చెబితే నవ్వొస్తుంది. రెండు మూడు సంతల్లో ఆమె తాళ్లు పోవడం మొదలయ్యేసరికి పక్కన కూర్చున్న తాళ్ల వ్యాపారులే గుత్తదారును పట్టుకున్నారు. "మేమంతా సుంకం కడతాండాం, ఈయమ్మ ఊరికే కూసుంటాది. ఇదేం న్యాయం?" అని. గుత్తదారు గత్యంతరం లేక వచ్చి, చెయ్యి చాచి, ఆమె చేతి నుంచే పైసలు తీసుకున్నాడు. బజారువీధి దయ ఇవ్వని జాగా ఆ వ్యాపారుల ఓర్వలేనితనం ఇచ్చింది.

సత్రం దొడ్డిలోని తాళ్లు మాత్రం ఆమె ఎప్పుడూ అడగలేదు. మా సంఘం వాళ్లు ఆ వేసవిలో తగలబెట్టించారు. కిత్తనార మండితే పొగ తెల్లగా, చాలాసేపు వస్తుంది. బజారంతా కళ్లు నలుపుకుంది.

ఆ తర్వాత శనివారం వరస తగ్గుతూ వచ్చింది. ఒకడు చాప అల్లాడు, ఒకామె మేకలు పెట్టుకుంది, ముసలాయన చనిపోయాడు. ఒక శనివారం ఎవరూ రాలేదు. మా నాయన నామం పెట్టుకుని, చేటలో బియ్యం పోసుకుని, గరిటె ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చున్నాడు. తొమ్మిదయింది. పది దాటింది. కాఫీ చల్లారితే అమ్మ మళ్లీ కాచి తెచ్చింది, అదీ చల్లారింది. ఎదురంగడి బట్టల శెట్టి, "ఆ సిస్టరమ్మోళ్లు మన పుణ్యం కొల్లగొట్టుకోని పోయిరి కదప్పా" అన్నాడు. మా నాయన నవ్వలేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చి, "ఆ బియ్యం ఏం చేసేది? ధర్మానికి తీసింది మళ్లా మూటలో కలపకూడదు" అంది.

మా నాయన నా ముఖంలోకి చూసి, "ఇంక మనం ఎవురికిచ్చేదిరా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. సంతలో తాళ్ల వరస మా అంగడికి ఎంతో దూరం లేదు. మా మూటల తాళ్లు పీచు పీచుగా ఊడుతూనే ఉన్నాయి. సంతనాడు వెళ్లి ఒక చుట్ట లాగి చూసి, వెల ఎక్కువని ఆమెతో పోట్లాడి కొనుక్కురా నాయనా అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఆయన వయసు చూసి, ఆ గరిటె చూసి, చెప్పలేకపోయాను. అమ్మ ఆ బియ్యాన్ని దొడ్లో పిచ్చుకలకు చల్లింది.